జలతరంగ్, జలపాలక, జలబాల

సముద్రం వాసనైనా తగలని దిల్‌సుఖ్‌నగర్‌లో కూర్చుని ఓడల గురించి రాస్తానంటే మావారు నవ్వారు. నవ్వనీండి. ఎల్‌బీనగర్‌లో రాత్రి బస్సెక్కి విశాఖపట్నం వెళ్లొచ్చే మనకు సింధియా అన్న మాట కొత్తదేం కాదు. అక్కడ ఆ పేరుతో ఒక పేటే ఉంది. నిజానికది ఓడల కంపెనీ పేరు. తెల్లదొరల కంపెనీలతో పోటీపడి వాల్‌చంద్ హీరాచంద్ ప్రభృతులు 1919లో బొంబాయిలో పెట్టారు.

ఆ కంపెనీ ఓడల పేర్లు ఎంత ముచ్చటగా ఉంటాయో! జలరాజన్, జలతరంగ్, జలపాలక, జలబాల. మనవరాళ్లకు బామ్మ ఏరి ఏరి పెట్టినట్టు లేవూ?

ఈ నాలుగూ రెండో ప్రపంచయుద్ధంలో జలాంతర్గాముల పాలయ్యాయి. 1942 జనవరిలో జపాను వాళ్ల ఐ-65 జలరాజన్‌ని ముంచేసింది. ఆ నెలాఖరునే ఐ-64 మన బంగాళాఖాతంలో జలతరంగ్‌నీ, జలపాలకనీ వెంటవెంటనే ముంచింది. 1943 అక్టోబరులో మలబారు తీరాన జలబాలని పొట్టన పెట్టుకున్నది జర్మనీ వాళ్ల యు-532.

కాపలా లేదా అంటారేమో. అట్లాంటిక్‌లో సరుకు ఓడలు గుంపు కట్టి వెళ్లేవి, చుట్టూ యుద్ధనౌకలు. దాన్నే కాన్వాయ్ అనేవారు. తీర్థయాత్రలో ముసలమ్మ నడకే అందరి నడకా అయినట్టు, గుంపులో నెమ్మది ఓడ ఎంత వేగమో అందరిదీ అంతే. ఆ కాపలా అయినా ఎంతవరకు? 1940 సెప్టెంబరు 17న యుద్ధనౌకలు వెనుదిరిగాక, ఆ రాత్రే గుంపులోని ‘సిటీ ఆఫ్ బెనారస్’ మునిగింది. బాంబుల భయానికి కెనడా పంపిన 90 మంది పిల్లల్లో 77 మంది పోయారు. ఏ తల్లి ఎలా తట్టుకుందో! వాళ్లతోపాటు మన దేశపు కళాసీలూ దాదాపు నూరుమంది పోయారన్నది అంతగా ఎవరూ చెప్పుకోరు.

1942 మొదట్లో బంగాళాఖాతానికి ఆ పాటి కాపలా కూడా దక్కలేదు. ఓడలు చాలావరకు ఒంటరిగానే తిరిగేవి. ఏప్రిల్‌లో జపాను నౌకాదళం మన తూర్పుతీరం పొడవునా ఇరవై పైచిలుకు ఓడలను ముంచింది. 6వ తేదీన విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా వారి ఓడల కార్ఖానా పని కుంటుపడింది. చివరికి 1948 మార్చి 14న అక్కడ తయారైన మొదటి పెద్ద ఓడని నెహ్రూ నీళ్లలోకి దించారు. పేరు జలఉష!

ఓడల పేర్లకున్న భాగ్యం ఓడవాళ్ల పేర్లకు లేకపోయింది. తెల్లవాడి జీతంలో చిన్న వంతుకే పనిచేసిన కళాసీలు వాళ్లు. ఆ యుద్ధంలో పోయిన మన నావికులు ఆరువేలకు పైనే. పేర్లు చెక్కిన గోడ లేదు. ముంబైలోనూ, చిట్టగాంగులోనూ రెండు పుస్తకాలున్నాయి. ఎవరైనా వెళ్లి పేజీ తిప్పితేనే వాళ్ల పేర్లు కనబడతాయి.