క్లిప్పుకు ఇద్దరు తల్లులు

జడకు పెట్టుకునేదీ క్లిప్పే, దండెం మీది చీర గాలికి ఎగిరిపోకుండా పట్టి ఉంచేదీ క్లిప్పే. ఎగుడుదిగుడు పళ్లకు డెంటిస్టు వేసేవాటినీ మనం క్లిప్పులనే అంటాం. ఇంగ్లీషువాళ్లకు మాత్రం అవి బ్రేసెస్. ఇక ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే వచ్చిపడే వీడియో ముక్కా క్లిప్పే. మిగతావన్నీ పట్టుకునేవి. ఇది మాత్రం ఎక్కణ్నుంచో కోసుకొచ్చింది.

నిజానికి ఇవి రెండు వేర్వేరు మాటలు. పాత ఇంగ్లీషులో ‘క్లిప్పన్’ అంటే కౌగిలించుకోవడం. షేక్‌స్పియర్ కాలానికి కూడా ఆ అర్థం బతికే ఉంది, ఆయన నాటకాల్లో వీరులు ఒకర్నొకరు ‘క్లిప్’ చేసుకుంటారు. రెండోది వైకింగుల భాష నుంచి వచ్చిన ‘క్లిప్పా’, అంటే కత్తిరించడం. 1200 ప్రాంతంలో ఇంగ్లీషులో చేరింది. ఉచ్చారణ ఒకటే కావడంతో రెండూ కలిసిపోయాయి. మనుషుల కౌగిలింత తర్వాత వాడుకలోంచి జారిపోయింది, ఆ పట్టు వస్తువులకు మిగిలింది.

కత్తిరించే క్లిప్పు మాత్రం ఇంగ్లండును ముప్పుతిప్పలు పెట్టింది. సుత్తితో కొట్టి చేసిన పాత వెండి నాణేలకు అంచు సరిగా ఉండేది కాదు. జనం ఆ అంచుల్ని సన్నగా కత్తిరించి, వెండి కరగబెట్టి అమ్ముకుని, నాణేన్ని మళ్లీ పూర్తి విలువకే చలామణీ చేసేవారు. చట్టం దీన్ని రాజద్రోహం కింద లెక్కగట్టింది. దొరికితే మగవాళ్లకు ఉరి, ఆడవాళ్లకు సజీవదహనం. అయినా ఆగలేదు. 1690ల నాటికి చేతులు మారుతున్న పాత నాణేల్లో దాదాపు సగం వెండి మాయమైంది. చివరికి 1696లో పాతవన్నీ వెనక్కి తీసుకుని యంత్రాలతో కొత్తవి ముద్రించాల్సి వచ్చింది. సరిగ్గా ఆ ఏడే ఐజాక్ న్యూటన్ టంకశాలలో ఉద్యోగంలో చేరాడు. నాణెం అంచున గరుగ్గా తగిలే గీతలు ఈ దొంగతనం మీద పెట్టిన కాపలాయే: కాస్త గీకినా తెలిసిపోతుంది.

ఈ కోత వంశంలోనివే పేపర్ క్లిప్పింగు, సినిమా క్లిప్పు, గోళ్ల క్లిప్పరు. ప్రపంచయుద్ధాల కాలంలో మగవాళ్లు సైన్యంలోకి పోతే బ్రిటన్ బస్సుల్లో ఆడవాళ్లు కండక్టర్లయ్యారు. టికెట్టుకు చిల్లు కొట్టే పని కదా, వాళ్లకు ‘క్లిప్పీ’ అని ముద్దుపేరు పడింది.

పట్టు వంశంలో పేరుమోసినది కాగితాల క్లిప్పు. దీన్ని కనిపెట్టింది నార్వేవాసి యోహాన్ వాలర్ అని ఎన్నో పుస్తకాలు రాశాయి. ఆయన పేటెంటు తీసుకున్నది నిజమే, 1901లో అమెరికాలో కూడా. కానీ ఆ తీగకు లోపలి మెలిక లేదు, అందుకే కాగితాలు తొడగడం కష్టం, పట్టూ తక్కువ. రెండు మెలికల ‘జెమ్’ క్లిప్పు అప్పటికే బజార్లో ఉంది. దాని రూపానికి ఎవరూ పేటెంటు తీసుకోలేదు. మన ఆఫీసుల్లో ఇప్పటికీ జెమ్ క్లిప్పులనే ఇండెంటు పెడతారు, ఆ పేరు ఎక్కడిదో ఎవరూ అడగరు.

అయినా నార్వేవాళ్లకు ఆ తీగ మీద మమకారం ఊరికే పుట్టలేదు. 1940లో జర్మనీ నార్వేను ఆక్రమించాక, రాజు పేరుతో ఉన్న బిళ్లలు పెట్టుకోవడం నిషిద్ధమైంది. జనం కోటు కాలరుకు కాగితాల క్లిప్పు తగిలించుకోవడం మొదలెట్టారు. మేమంతా ఒక్కటిగా ఉన్నాం అని దాని భావం. కొన్నాళ్లకు దానికీ నిషేధం పడింది. గుమాస్తా బల్ల మీది తీగముక్కకు భయపడిన ప్రభుత్వం ఇంకెక్కడైనా ఉందో లేదో! యుద్ధం ముగిశాక వాలర్ పేరు ఈ జ్ఞాపకంతో ముడిపడి మరింత పెద్దదైంది. 1989లో ఓస్లో దగ్గర ఆయన గౌరవార్థం రెండు నిలువుల కంటే ఎత్తయిన క్లిప్పు నిలబెట్టారు, 1999లో తపాలా బిళ్ల వేశారు. ఆ బిళ్ల మీద బొమ్మ మాత్రం జెమ్ క్లిప్పుదే.