డ్రైవరు లేని కారు, రైల్వే కణక్కు

డ్రైవరు లేని కారు మనిషి కన్నా భద్రమా అని మన పిల్లలు అడుగుతున్నారు. రైల్వేలో రిజిస్టర్లు రాసి రిటైరైన మా బోటివాళ్ళం ముందు కణక్కు అడుగుతాం (ఆంధ్రావాళ్ళు దీన్ని లెక్క అంటారు).

1889 జూన్ 12న ఐర్లండ్‌లో ఆర్మా ఊరి దగ్గర పిల్లాజెల్లాతో విహారానికి పోతున్న బండి ఒకటి మెరక ఎక్కలేక నిలిచిపోయింది. దాన్ని రెండుగా విడదీసి, ముందు సగాన్ని పైకి తీసుకుపోదామనుకున్నారు. ఆ కాలపు సాదా వ్యాక్యూం బ్రేకు ఎట్లాంటిదంటే, గొట్టం ఊడితే బ్రేకు వదిలేస్తుంది. వెనక పెట్టెలు పల్లానికి జారి, వెనకే వస్తున్న ఇంకో బండిని గుద్దాయి. 80 మంది పోయారు. అదే ఏడు బ్రిటన్‌లో చట్టం వచ్చింది. ప్యాసింజరు బండ్లకు ఆటోమేటిక్ బ్రేకు, అంటే గొట్టం తెగితే తానే పడే బ్రేకు, తప్పనిసరి అయింది. బ్లాక్ పద్ధతి కూడా అప్పుడే తప్పనిసరి చేశారు. మేము ఉద్యోగంలో చేరినప్పుడు మన బండ్లకూ ఆ ఆటోమేటిక్ వ్యాక్యూం బ్రేకే.

ఇప్పుడు కారుకు వద్దాం. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలో టెంపీ ఊళ్ళో, సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఒకామెను ఉబర్ పరీక్ష కారు గుద్ది చంపింది. యంత్రం 5.6 సెకన్ల ముందే ఆమెను పసిగట్టిందట! కానీ ఒకసారి కారు అని, ఒకసారి సైకిలు అని పేరు మార్చుకుంటూ పోయింది. కాపలాకు లోపల కూర్చున్న మనిషి ఫోను చూస్తున్నారు. గంటలకొద్దీ పని లేకుండా కూర్చోబెట్టి, ఒక్క సెకనులో మేలుకో అంటే ఎవరి వల్ల అవుతుంది?

సరే, మనిషి మాత్రం తక్కువా? మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అయితే ఈ అంకె ఒక్కటే పెట్టుకుని పోల్చకూడదు. రైల్వేలో ప్రమాదాలను పది లక్షల రైలు కిలోమీటర్లకు ఎన్ని అని కడతాం. అమెరికాలో మనుషులు తోలితే సుమారు 10 కోట్ల మైళ్ళకు ఒక చావు. కారు అంతకన్నా మోసం కాదని రుజువు కావాలంటే ఒక్క చావూ లేకుండా 27.5 కోట్ల మైళ్ళు తిరగాలని ర్యాండ్ సంస్థ 2016లో కట్టి చూపింది. నూరు కార్లు రాత్రీపగలూ తిరిగినా పన్నెండున్నర ఏళ్ళు! అదీ ఎండలో ఒకే ఊళ్ళో తిరిగిన మైళ్ళను, వానలో హైవే మీద మనిషి తోలిన మైళ్ళతో కలిపితే కణక్కు తప్పు.

2023 అక్టోబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో మనిషి తోలే కారు ఒకామెను గుద్ది క్రూజ్ కారు ముందుకు విసిరింది. క్రూజ్ కారు ఆగింది, తర్వాత పక్కకు తీస్తూ ఆమెను 20 అడుగులు ఈడ్చింది. సంగతి సరిగ్గా చెప్పలేదని కాలిఫోర్నియా వాహనాల శాఖ 22 రోజుల్లో పర్మిట్ ఆపేసింది.