పర్యావరణ డీఎన్ఏతో చేపల గుర్తింపు

నీటిలో తిరిగే చేప తన ఒంటి జిగురును, పొలుసులను, మలమూత్రాలను నిత్యం నీటిలో వదులుతూనే ఉంటుంది. గుడ్లు పెట్టే కాలంలో ఇది మరీ ఎక్కువ. అలా నీటిలో కలిసిన జన్యుపదార్థాన్ని పర్యావరణ డీఎన్ఏ, పొట్టిగా ఈ-డీఎన్ఏ అంటారు. వల వేయకుండా, చేపను కంటితో చూడకుండా, సీసాడు నీళ్లను పరీక్షించి అక్కడ ఏ జాతులు తిరిగాయో దీని ద్వారా చెప్పవచ్చు. 2008లో ఫ్రాన్సులోని నీటిగుంటల్లో అమెరికా బుల్‌ఫ్రాగ్ కప్ప జాడను శాస్త్రవేత్తలు ఇలాగే పట్టుకున్నారు. చేపల విషయంలో ఈ పద్ధతికి గట్టి పరీక్ష షికాగో కాలువల్లో ఎదురైంది.

షికాగోలో జరిగినది

1970ల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చెరువుల నీటిని శుభ్రపరచడానికి ఆసియా నుంచి సిల్వర్ కార్ప్, బిగ్‌హెడ్ కార్ప్ చేపలను తెచ్చారు. వీటిలో మొదటిది మన చేపల రైతులకు తెలిసిన వెండిచేపే. చెరువులు దాటి మిసిసిపీ నదిలో పడ్డ ఈ చేపలు స్థానిక చేపల తిండి అయిన ప్లవకాలను ఖాళీ చేస్తూ ఇల్లినాయ్ నది వెంట ఉత్తరానికి పాకాయి. 1900లో తెరిచిన షికాగో కాలువ ఆ నదిని మిషిగన్ సరస్సుతో కలుపుతుంది. చేపలు సరస్సులోకి వెళ్లకుండా రోమియోవిల్ దగ్గర కాలువ నీటిలోనే విద్యుత్ కంచె ఏర్పాటు చేశారు. అది 2002లో పని మొదలుపెట్టింది.

2009లో నోటర్ డేమ్ విశ్వవిద్యాలయ బృందం కాలువ పొడవునా రెండేసి లీటర్ల నీటిని పట్టి, వడగట్టి పరీక్షించింది. కంచెకు అవతల, సరస్సు వైపున, ఈ చేపల డీఎన్ఏ కనిపించింది. కాలువ తలుపులు మూయించమని మిషిగన్ రాష్ట్రం సుప్రీంకోర్టుకెక్కింది. 2010 జనవరిలో ఆ విన్నపాన్ని కోర్టు తోసిపుచ్చింది. అదే ఏడాది జూన్‌లో, మిషిగన్ సరస్సుకు సుమారు పది కిలోమీటర్ల దూరాన ఉన్న కాల్యుమెట్ సరస్సులో ఒక బిగ్‌హెడ్ కార్ప్ వలలో పడింది.

అంతటితో వాదం తీరలేదు. తీరకపోవడమే మంచిదైంది. చేప రాకపోయినా దాని డీఎన్ఏ రావచ్చు కదా అన్న ప్రశ్నను ప్రభుత్వ సంస్థలు పట్టుకుని పరిశోధించాయి. చేపను తిన్న పక్షుల రెట్టలు, పడవల అడుగున అంటిన జిగురు, చచ్చిన చేపలు, మార్కెట్ల నుంచి వచ్చే మురుగు ఇవన్నీ జాడను మోసుకొస్తాయని తేలింది. అందుకే ఒక్క నమూనాలో దొరికిన డీఎన్ఏను చేపకు రుజువుగా తీసుకోకూడదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు రోజుల్లో, మళ్లీ మళ్లీ దొరికినప్పుడే దానికి బలం.

పరీక్ష తీరు

నమూనా నీటిని సన్నని రంధ్రాల వడపోత పొర గుండా పంపి, పొర మీద మిగిలిన దాని నుంచి డీఎన్ఏను వేరుచేస్తారు. ఒకే జాతి కోసం వెదికితే, కరోనా కాలంలో అందరి నోటా నానిన పీసీఆర్ పరీక్ష చాలు. అన్ని జాతులూ ఒకేసారి కావాలంటే చేపలన్నిటిలో ఉండే ఒక చిన్న మైటోకాండ్రియా జన్యుభాగాన్ని పెంచి, దాని అక్షరక్రమాన్ని చదివి, ముందే సిద్ధం చేసుకున్న జాబితాతో పోల్చుతారు. 2015లో జపాన్ శాస్త్రవేత్త మసాకి మియా బృందం ఇందుకు 'మైఫిష్' అనే ప్రైమర్లను, అంటే ఆ జన్యుభాగాన్ని పట్టి పెంచడానికి వాడే పొట్టి డీఎన్ఏ ముక్కలను, రూపొందించింది. ఒకినావాలోని చురౌమి ఆక్వేరియంలో, ఏ చేపలున్నాయో ముందే తెలిసిన నాలుగు తొట్లలో వాటిని పరీక్షించగా, జాబితాకు ఎక్కిన 180 జాతుల్లో 168 దొరికాయి. జాబితాలో లేని చేప నీటిలో ఎన్ని ఉన్నా పేరుతో బయటపడదు.

హద్దులు

చేప వయసు, పరిమాణం, ఆడో మగో ఈ పరీక్ష చెప్పదు. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది గనుక సంకర చేపను తల్లి జాతిగానే చూపుతుంది. మిసిసిపీలో సిల్వర్, బిగ్‌హెడ్ జాతులు కలిసి పుట్టిన చేపలు ఉన్నాయి కాబట్టి అక్కడ ఇది చిన్న లోపం కాదు. వెచ్చని నీటిలో డీఎన్ఏ కొద్ది రోజుల్లోనే చెదిరిపోతుంది. ప్రవాహంలోనైతే కిలోమీటర్ల దూరం కొట్టుకుపోతుంది.

హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులు ఈ పద్ధతితోనే ఒడిశాలోని చిలకా సరస్సు జీవవైవిధ్యాన్ని పరిశీలించారు. గోదావరి లాంటి నదిలో చిక్కు ఇంకోలా ఉంటుంది. వరద రోజుల్లో ఒండ్రు నిండి ఎర్రబడ్డ నీరు వడపోత పొరను త్వరగా మూసేస్తుంది. పులస చేప సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చేది సరిగ్గా ఆ ఎర్రనీటి రోజుల్లోనే.