మిస్సమ్మయు మన వినోదచిత్రములును

సంఘసంస్కారమును కోరు కుటుంబములలో చలనచిత్రములను గూర్చి చిరకాలము ఒక అలిఖితశాసనము అమలులో నుండెను. "మాలపిల్ల" వంటి చిత్రము వచ్చినచో ఇంటిల్లిపాదియు పోయి చూడవచ్చును. "సుమంగళి"ని చూచివచ్చి వితంతువుల దుర్గతిని గూర్చి రాత్రి భోజనవేళ చర్చింపవచ్చును. నవ్వించుటకే తీసిన చిత్రమనినచో మాత్రము పెద్దలు పెదవి విరిచెడివారు. అది పొద్దుపోనివారి వేడుక యనియు, దానివలన లోకమునకు ఒనగూడు మేలేమియు లేదనియు వారి యభిప్రాయము. ఇది నిష్కారణమైన యభిప్రాయమని మేమనము. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు "మాలపిల్ల"ను, 1940లో బి. ఎన్. రెడ్డిగారు "సుమంగళి"ని తీసినప్పుడు తెలుగుచిత్రము పురాణముల గడప దాటి సమకాలికసంఘములోనికి అడుగు పెట్టెను. అస్పృశ్యత, వితంతువివాహము వంటి బరువైన సంగతులను మోయుటకు గంభీరచిత్రములే తగునని తలచుట సహజము.

అయినను ఆ తలంపులో ఒక మరపు గలదు. మన సంస్కర్తలలో మొదటివారు నవ్వును విడనాడినవారు కారు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో "వివేకవర్ధని"ని స్థాపించి, రెండేండ్లలోనే దానికి తోడుగా "హాస్యసంజీవని"ని వెలువరించిరి. ముసలివాడు పసిపిల్లను పెండ్లాడుటను ఎగతాళి చేయుచు "బ్రహ్మవివాహము" అను ప్రహసనమును వ్రాసిరి. జనులు దానిని పెద్దయ్యగారి పెళ్లి యని ముద్దుగా పిలుచుకొనిరి. 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడిన గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" అడుగడుగునను నవ్వించు నాటకము. ఆడపిల్లలను అమ్ముకొను దురాచారమును దానికంటె తీవ్రముగా ఖండించిన గ్రంథము మనకు మరియొకటి లేదు. తరువాతి తరములవారు ఆ తాతల గాంభీర్యమును మాత్రము దాయభాగముగా పుచ్చుకొని, వారి చమత్కారమును అటకమీద పెట్టిరి.

వరకట్నము సంగతినే చూడుడు. కాళ్లకూరి నారాయణరావుగారి "వరవిక్రయము" 1939లో చిత్రముగా వచ్చెను. అందు కాళింది పాత్రతో భానుమతిగారు చిత్రరంగమున ప్రవేశించిరి. కట్నము పోసి తన్ను పెండ్లి చేయుటకు తండ్రి పడుచున్న బాధను చూడలేక కాళింది నూతిలో దూకి మరణించును. ఆ నాటకములో లింగరాజుగారి పిసినారితనము కడుపుబ్బ నవ్వించును. కాని చూచినవారికి కలకాలము జ్ఞాపకముండునది ఆ నుయ్యియే.

పదుమూడేండ్ల తరువాత, 1952లో, విజయావారు అదే కట్నమును గూర్చి "పెళ్లి చేసి చూడు" తీసిరి. ఇందెవ్వరును చావరు. కట్నపు రొక్కము చేతికి రాలేదని పెండ్లిపీటల మీదినుండి వరుని వాని తండ్రి లేవదీసికొని పోవును. వరుడు పిచ్చి పట్టినట్లు నటించును. కట్టుకొన్న భార్యయే నర్సు వేషమున అత్తవారింట ప్రవేశించి ఆ పిచ్చికి వైద్యము చేయును. కథ ఇంతమాత్రమే. గంభీరచిత్రములకు అలవాటుపడిన ప్రేక్షకుడు ఇక్కడనే విస్మయపడును. కాళింది కొరకు కన్నీరు కార్చునప్పుడు ప్రతి గృహస్థుడును తన్ను ఆ పిల్ల తండ్రిగా భావించుకొనును. మరునాడు తన కుమారునికి కట్నము మాటలాడుటకు ఆ కన్నీరు అడ్డు రాదు. ఈ చిత్రమును చూచి నవ్వునప్పుడో, ఆ నవ్వు ఎవరిమీదిదో వానికి తెలియక తప్పదు. 1961లో వరకట్ననిషేధ చట్టము వచ్చెను. కట్నము మాత్రము పోలేదు. చట్టమే చేయలేని పనిని ఒక చిత్రము చేసెనని చెప్పుట మా ఉద్దేశము కాదు. నవ్వునకును గురి యుండునని మాత్రమే చెప్పుచున్నాము.

ఈ చిత్రమునకు దర్శకులు ఎల్. వి. ప్రసాదుగారు. 1940లో మొక్కపాటి నరసింహశాస్త్రిగారి "బారిష్టరు పార్వతీశము" చిత్రముగా వచ్చినప్పుడు పార్వతీశము వేషము వేసినది లంక సత్యముగారు. అందు నటించిన జి. వరలక్ష్మిగారే "పెళ్లి చేసి చూడు"లో నాయిక. హాస్యము తేలికగా కనబడుటకు వెనుక ఎన్నియేండ్ల సాధన అవసరమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఇక 1955 జనవరిలో వెలువడిన "మిస్సమ్మ". దీనికి మూలము బెంగాలీలో రవీంద్రనాథ మైత్రగారు రచించిన "మన్మయీ గర్ల్స్ స్కూల్" అను నాటకము. తెనుగు చేసినవారు చక్రపాణిగారు. శరత్‌బాబు నవలలను, అందును "దేవదాసు"ను, తెలుగువారింట చదివించిన కలము వారిదే. ఉద్యోగము లేని హిందూ యువకుడొకడు, తండ్రి చేసిన అప్పు తీర్పవలసిన క్రైస్తవ యువతి యొకతె, ఇరువురును పట్టభద్రులు. ఒక జమీందారు తన పాఠశాలకు దంపతులైన ఉపాధ్యాయులే కావలెనని ప్రకటించెను. ఇద్దరును భార్యాభర్తలుగా నటించుచు ఆ యూరు చేరిరి. ఆ కాలమున ఇట్టి కథను బోధకునివలె చెప్పి యుండినచో సగము ఊళ్లలో సభలు పెట్టి ఖండించి యుందురు. నవ్వుచు చెప్పుటవలన కులస్త్రీలు పిల్లలను చంకనిడుకొని పోయి చూచిరి.

ఈ చిత్రములో మమ్ము మిక్కిలి ఆశ్చర్యపరచునది కథకంటె నటవర్గము. మొదట మేరీ పాత్రకు కుదిరినవారు భానుమతిగారు. కొంత చిత్రీకరణము జరిగిన పిమ్మట ఆమెకును చక్రపాణిగారికిని పొసగక ఆమె తప్పుకొనిరి. జమీందారు కుమార్తె వేషమునకు ఏర్పాటైన సావిత్రిగారికి నాయిక పాత్ర లభించెను. ఆమె వదలిన వేషము జమునగారికి వచ్చెను. అంతకు రెండేండ్ల క్రిందటనే "దేవదాసు"లో పార్వతియై కంట తడి పెట్టించిన సావిత్రి ఇందు ముక్కుమీద కోపము గల మిస్సమ్మ. ఆమె కోపములో గయ్యాళితనము లేదు. పరుల యింట పరాయి పేరుతో పరాయి బొట్టుతో బ్రదుకవలసి వచ్చిన ఆత్మాభిమానవతి యొక్క చిరాకు అది. పెదవి బిగించుటలో, కనుబొమ లెత్తుటలో ఆమె దానిని చూపిన తీరు ఏ ఉపన్యాసమునకును అందదు. భర్త యనిపించుకొనుచున్నవానికి ఆమె సేవ చేయదు. తన జీతము తనది. ఆ కోపమును అణచుటకు ఆమెపై ఎవ్వరును చేయి చేసికొనరు. మన చిత్రములలో ఇది చిన్న సంగతి కాదు.

అదే "దేవదాసు"లో త్రాగి త్రాగి ప్రాణము విడిచిన అక్కినేని నాగేశ్వరరావుగారు ఇందు భూతద్దము పట్టుకొని స్త్రీల పాదములవంక చూచుచు తిరుగు అపరాధపరిశోధకుడు. అప్పటికే ప్రథమశ్రేణి నాయకులైనను, విషాదనాయకుడను ముద్రను వదల్చుకొనుటకై ఆ రెండవ వేషమును కోరి స్వీకరించిరి. 1951లో నేపాళమాంత్రికుడై పిల్లలను బెదరించిన యస్. వి. రంగారావుగారు ఎవరేమి చెప్పినను నమ్మునట్టి సాధువైన జమీందారు. పెండ్లీడు పిల్ల తండ్రిగా కనబడిన ఆయనకు అప్పటికి నలుబది యేండ్లైనను నిండలేదు. నందమూరి తారకరామారావుగారిని శ్రీకృష్ణునిగను, 1983లో ముఖ్యమంత్రిగను ఎరిగిన తరమువారు ఈ చిత్రమును చూచినచో మరింత వింతపడుదురు. కిరీటము లేదు, గద లేదు. ఉద్యోగము కొరకు కల్లలాడి, మిస్సమ్మ కసరినప్పుడు తల వంచుకొని చిరునవ్వు నవ్వుకొను మామూలు మనుష్యుడు. ఆయన దేవుని వేషములను పూజించినవారు కోట్లమంది. మాకు మాత్రము ఈ పంతులే ఎక్కువ ఆప్తుడు.

రెండేండ్లకు "మాయాబజారు" వచ్చినప్పుడు సావిత్రిగారి ఈ చమత్కారమే ఘటోత్కచుడు ధరించిన మాయాశశిరేఖగా విశ్వరూపము దాల్చెను. ఆ నడక, ఆ హుంకారము, మరుక్షణమున ఆ సిగ్గు మిస్సమ్మను చూచినవారికి పరిచితములే.

ఇంత మెచ్చుకొన్న పిమ్మట ఒక మాట దాచుట న్యాయము కాదు. హిందువునకును క్రైస్తవురాలికిని నిజముగా ప్రేమ అంకురించిన చోటనే కథ వెనుకంజ వేయును. మేరీ పుట్టుకచే క్రైస్తవురాలు కాదట! బాల్యమున తప్పిపోయిన జమీందారు పెద్దకుమార్తె మహాలక్ష్మియే యట! నటనగా సాగిన దాంపత్యము ఎవరి ఆచారమునకును భంగము లేకుండ నిజమగును. మేరీని మేరీగానే అతడు వరించి, ఆమె మేరీగానే ఆ యింటి కోడలై యుండినచో ఎంత బాగుండును! పెంచిన క్రైస్తవ దంపతుల ప్రేమను చిత్రము చిన్నబుచ్చలేదు, నిజమే. కాని "మాలపిల్ల" చూపిన తెగువ పదునేడేండ్ల తరువాత వచ్చిన దీనికి లేకపోయెను. పులి చర్మము కప్పుకొన్న మేకలు లోకమున అనేకము. ఇది మేక చర్మము కప్పుకొని వచ్చిన పులి. కడకు ఆ మేక చర్మమునే నిజము చేసికొన్నది.

తెలుగుతోపాటు అరవమున "మిస్సియమ్మ"గా తీసినప్పుడు సావిత్రిగారి సరసన జెమినీ గణేశనుగారు నటించిరి. 1957లో ప్రసాదుగారే దీనిని "మిస్ మేరీ"గా హిందీలో తీయగా, నాయిక పాత్ర మీనాకుమారిగారికి వచ్చెను. ఉత్తరదేశమున ఆమె పేరు చెప్పినచో కన్నీరే జ్ఞాపకము. ఆ విషాదమూర్తియు ఇందు కసరి, అలిగి, కిలకిల నవ్వెను. పరిశోధకుని వేషము కిశోరకుమారుగారిది. మూడు భాషలలోను నటులు మారిరి, పాటలు మారెను. తప్పిపోయిన ఆ జమీందారు బిడ్డ మాత్రము మూడింటను తప్పక దొరకెను.