పాచి, గార, మా నాయన పళ్ళు

ఈసారి మిర్చి గురించి కాదు, పళ్ళ గురించి రాస్తున్నా. నవ్వుకోండి గానీ, 50 దాటినవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మా నాయనకి 60 ఏళ్ళకే నోట్లో నాలుగు పళ్ళు మిగిలాయి. వేరుశెనక్కాయలంటే ఆయనకి ప్రాణం. ఆఖరి పదేళ్ళు మా అమ్మ వాటిని రోట్లో మెత్తగా దంచి, బెల్లం కలిపి పెడితే చప్పరించేవాడు. ఒక్కరోజు కూడా పందుంపుల్ల మానిన మనిషి కాదు. అందుకే వయసుకి ఊడినయ్యిలే అనుకున్నాం. పోయినేడు నాకు చిగుళ్ళలో రక్తం మొదలై, కింద ఒక పన్ను కదిలేసరికి నేనూ అదే అనుకున్నా. రక్తం వస్తోందని ఆ పక్క తోమడం మానేశా కూడా. పళ్ళ డాక్టరు చూసి, "వయసు కాదయ్యా, పాచి" అన్నాడు. ఈ సంగతి ముందు ఎవరు కనిపెట్టారా అని అప్పట్నుంచీ చదువుతున్నా.

మొదట చూసినాయన డాక్టరే కాదు. హాలెండులో డెల్ఫ్ట్ అనే ఊళ్ళో బట్టల వ్యాపారి, పేరు లీవెన్‌హుక్. సొంతంగా అద్దాలు అరగదీసి సూక్ష్మదర్శినులు చేసుకునేవాడు. 1683లో లండన్ రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. అప్పటికి ఆయనకీ 50 దాటాయి, మన ఈడే. రోజూ పొద్దున్నే ఉప్పుతో పళ్ళు తోముకుంటాననీ, అన్నం తిన్నాక పుల్లతో పళ్ళ సందులు తీసుకుని గుడ్డతో గట్టిగా రుద్దుతాననీ అందులో ఉంది. అంత చేసినా పళ్ళ మధ్య తెల్లగా పిండిలాంటిది మిగిలింది. దాన్ని నీళ్ళలో కలిపి అద్దం కింద పెడితే, బతికున్న చిన్న చిన్న ప్రాణులు గిరగిరా తిరుగుతూ కనబడ్డాయి. మా దేశంలో ఉన్న మనుషుల కంటే నా నోట్లో ఉన్న జీవాలే ఎక్కువని రాశాడు. తర్వాత, పుట్టి బుద్ధెరిగి పళ్ళు తోమని ఒక ముసలాయన్ని పట్టుకుని ఆయన పాచీ చూశాడు. అందులోనైతే లెక్కలేనన్ని.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. ఘాటైన వెనిగర్‌తో పుక్కిలిస్తే ఇవి చస్తాయా అని చూశాడాయన. పైపైనవి చచ్చాయి, దళసరి పాచి లోపలున్నవి బతికే ఉన్నాయి. డ్రిప్పు వేసిన వాళ్ళకి ఇది చెప్పాల్సిన పనిలేదు. పైపు లోపల జిగురు పడితే నీళ్ళు వదిలినంత మాత్రాన పోదు. నీళ్ళ తొట్టికి పట్టేదీ పాచే, పంటికి పట్టేదీ పాచే. మన పెద్దోళ్ళు రెంటికీ ఒకటే మాట పెట్టారు, చూడండి. అది రాయిలా గట్టిపడితే గార.

కానీ చిగుళ్ళ జబ్బుకి పాచే కారణమని మనుషుల మీద చూపించడానికి 1965 దాకా పట్టింది. హరాల్డ్ లోయ్ అనే ఆయన డెన్మార్కులోని ఆర్హస్‌లో 12 మంది చేత పళ్ళు తోమడం మాన్పించాడు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమించగానే వారం రోజుల్లో తగ్గింది. నేను రక్తం వచ్చేచోట తోమకుండా వదిలేసి చేసుకున్న పని ఏందో అప్పుడు అర్థమైంది.

ఇక మన ఊళ్ళో వాదన ఉంటది కదా, "మా తాత బ్రష్షు ముట్టలేదు, చివరిదాకా చెరకు కొరికాడు" అని. దానికీ లోయ్ దగ్గరే జవాబుంది. 1970లో శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది తమిళ కూలీల పళ్ళు చూసి, 15 ఏళ్ళపాటు గమనించారు. వాళ్ళకి బ్రష్షూ లేదు, పళ్ళ డాక్టరూ లేడు. అందరి నోట్లోనూ పాచీ గారా ఉన్నాయి. అయినా నూటికి 11 మందికి చిగుళ్ళు వాచినా జబ్బు లోపలికి దిగలేదు. 81 మందికి నిదానంగా ముదిరింది, 45 ఏళ్ళకి సగటున 7 పళ్ళు పోయాయి. మిగతా 8 మందికి అదే వయసుకి ఒక్క పన్నూ మిగల్లేదు. చెరకు కొరికిన తాత ఆ 11 మందిలో మనిషి. మనం ఎందులో ఉన్నామో పళ్ళు పోయేదాకా తెలియదు. పైగా పొగాకు, షుగర్ జబ్బు రెండూ దీన్ని తొందరపెడతాయి. మా నాయన చుట్ట తాగేవాడు. పొగ తాగేవాళ్ళకి రక్తం కూడా సరిగా రాదట, జబ్బు బయటపడదు. పందుంపుల్ల మంచిదే, కాకపోతే ఆయన ముందుపళ్ళు తోమి నాలిక గీసుకుని లేచేవాడు. దవడపళ్ళ లోపలి పక్కకి ఏ రోజూ పుల్ల పోలేదు.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని నన్నూ చాలామంది భయపెట్టారు. ఎముక అరిగిపోయిన పంటిని గారే పట్టి నిలబెడుతుంది కాబట్టి, తీశాక కొన్నాళ్ళు అట్లా అనిపిస్తుంది, అంతే. ఇంకోటి, చిగురు కిందికి జారితే పంటి వేరు బయటపడుతుంది. వేరుకి పైనున్నంత గట్టి పొర ఉండదు, తొందరగా పుచ్చుతుంది. అందుకే మెత్తటి బ్రష్షుతో చిగురంచున నిదానంగా తోమాలి. ఇటుకపొడి, బొగ్గు పెట్టి రుద్దేవాళ్ళు ఈ వయసులో మానుకోండి.

నాకు మూడు విడతలుగా గార తీశారు. రక్తం ఆగింది. కింద పన్ను ఇంకా కొంచెం కదులుతూనే ఉంది. వేరుశెనక్కాయలు ప్రస్తుతానికి అవతలి దవడన నములుతున్నా.