ఆ బటన్ ఆఫ్‌లో ఎందుకు ఉండిపోదు?



మీ కార్లోనో, మీ నాన్నగారి కార్లోనో ఒక చిన్న బటన్ ఉంటుంది చూడండి. కారు బొమ్మ, దాని వెనక పాముల్లా మెలికలు తిరిగిన రెండు గీతలు. నొక్కితే మీటర్‌లో ఒక పసుపు లైట్ వెలుగుతుంది. రీల్స్‌లో సూపర్‌కార్ ఎక్కగానే "అన్నీ ఆఫ్ చేసేశా బ్రో" అంటూ కొందరు నొక్కేది కూడా ఇలాంటి బటన్‌నే.

ఇప్పుడు అది నొక్కి, కారు ఆపేసి, మళ్లీ స్టార్ట్ చేయండి. పసుపు లైట్ ఉండదు. మీరు ఆఫ్ చేసిన సంగతి కారు మర్చిపోయింది. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, మొదటిసారి చూసినప్పుడు నేను దీన్ని బగ్ అనుకున్నా. ఏసీ ఎంతలో పెట్టానో గుర్తుంది, నిన్న ఆపిన పాట గుర్తుంది, ఇదొక్కటి గుర్తులేదా? బగ్ కాదు. కావాలనే అలా రాశారు. ఎందుకలా రాయాల్సి వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1978లో బాష్ కంపెనీ తయారుచేసిన ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చింది. గట్టిగా బ్రేక్ కొట్టినా చక్రం లాక్ అయిపోకుండా చూడటం దాని పని. దానికోసం చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూసే సెన్సర్లు, బ్రేక్ ప్రెషర్‌ని తగ్గించి పెంచే వాల్వులు కార్లోకి వచ్చేశాయి. అంటే సగం హార్డ్‌వేర్ అప్పటికే రెడీ. 1989లో ఫ్రాంక్ వెర్నర్ మోన్ అనే మెర్సిడెస్ ఇంజనీర్ స్వీడన్‌లో మంచు రోడ్డు మీద టెస్ట్ చేస్తూ జారి పక్కన గుంటలో పడ్డాడు. కారు బయటికి తీసేవాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు ఈ ఆలోచన వచ్చిందని ఆయనే తర్వాత చెప్పాడు: ఏబీఎస్‌కి కారు ఎటు తిరుగుతోందో కూడా తెలిస్తే? బాష్‌లో ఆంటన్ వాన్ జాంటెన్ టీమ్ కూడా అదే పనిలో ఉంది. రెండు కంపెనీలు కలిసి పనిచేశాక, 1995లో ఈఎస్‌పీ అనే పేరుతో ఎస్-క్లాస్ కూపేలో అది బయటికొచ్చింది. కంపెనీని బట్టి పేర్లు మారతాయి, మొత్తానికి ఈఎస్‌సీ అంటారు. మనమూ అలాగే అందాం.

అది చేసే పని కొంచెం నెమ్మదిగా చెప్తా, ఎందుకంటే మిగతా కథంతా దీనిమీదే ఆధారపడి ఉంది. స్టీరింగ్ ఎంత తిప్పారో ఒక సెన్సర్ చూస్తుంది. అంటే మీరు ఎటు వెళ్లాలనుకుంటున్నారో దానికి తెలుసు. కారు తన చుట్టూ తాను ఎంత వేగంగా తిరుగుతోందో, పక్కకి ఎంత లాగుతోందో ఇంకో రెండు సెన్సర్లు చూస్తాయి. అంటే కారు నిజంగా ఎటు పోతోందో తెలుసు. ఈ రెండూ సరిపోకపోతే ఒక్క చక్రానికి బ్రేక్ వేస్తుంది. ఎడమ మలుపులో కారు తిరగకుండా నేరుగా పోతుంటే లోపలివైపు వెనక చక్రానికి. అదే మలుపులో వెనక భాగం బయటికి జారిపోతుంటే బయటివైపు ముందు చక్రానికి. అవసరమైతే ఇంజిన్ పవర్ కూడా తగ్గిస్తుంది.

"నాకు డ్రైవింగ్ వచ్చు, నాకు ఇదెందుకు" అనేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మీ కాలి కింద ఉన్న బ్రేక్ పెడల్ ఒక్కటే. అది నొక్కితే నాలుగు చక్రాలకీ బ్రేక్ పడుతుంది. ఒక్క చక్రానికి వేసే పెడల్ మీకూ లేదు, మామూలు కారెక్కితే ప్రపంచ ఛాంపియన్‌కీ లేదు.

1997లో మెర్సిడెస్ ఏ-క్లాస్ అనే చిన్న కారు స్వీడన్‌లో ఒక పత్రిక టెస్టులో బోల్తా పడింది. మన రోడ్ల మీద గేదె అడ్డొస్తే ఎలా కట్ కొడతామో, అక్కడ మూస్ అనే పెద్ద జంతువు అడ్డొచ్చినట్టు అనుకుని చేసే టెస్టు అది. మెర్సిడెస్ అమ్మకాలు ఆపి, అన్ని ఏ-క్లాస్‌లకీ ఈఎస్‌పీ పెట్టింది. లగ్జరీ కార్ల వస్తువు అలా చిన్న కార్లోకి దిగింది.

స్పోర్ట్స్ కార్ల కథ మాత్రం వేరే దారిలో నడిచింది. ఆడి టీటీ గుర్తుందా? 1998లో వచ్చినప్పుడు వెనక భాగం నున్నగా, గుండ్రంగా, చాలా అందంగా ఉండేది. కానీ ఆ ఆకారం వల్ల వేగం పెరిగేకొద్దీ వెనక భాగం తేలికైపోతుంది. యూరప్‌లో 180 కిలోమీటర్లు దాటిన వేగంలో లేన్ మారుతూ కొందరు అదుపు తప్పారు, ప్రాణాలు పోయాయి. 1999 చివర్లో, 2000 మొదట్లో ఆడి కార్లని వెనక్కి పిలిచి సస్పెన్షన్ మార్చి, ఈఎస్‌పీ, వెనక చిన్న స్పాయిలర్ జతచేసింది.

దీని తర్వాత కూడా పోర్షే కరెరా జీటీ వచ్చింది చూశారూ, అక్కడ నాకు నిజంగా అర్థం కాదు. అమ్మకాలు 2000ల మధ్యలో. రేసింగ్ కోసం మొదలుపెట్టిన 5.7 లీటర్ల వీ10 ఇంజిన్, 600 హార్స్‌పవర్‌కి పైనే. ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, ఏబీఎస్ ఉంది. ఈఎస్‌సీ లేదు. ఆ టైమ్‌కి అదే పోర్షే తన 911 కార్లలో దాన్ని అమ్ముతోంది! టెక్నాలజీ చేతిలో ఉండి కూడా ఇందులో పెట్టలేదు. కొనేవాళ్లకి అదే గొప్ప. డాడ్జ్ వైపర్ కథా ఇంతే. 1992లో వచ్చిన ఆ కారుకి ఏబీఎస్ కూడా 2001 దాకా రాలేదు.

2013 నవంబర్ 30. కాలిఫోర్నియాలో శాంటా క్లారిటా. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ పాల్ వాకర్ కరెరా జీటీలో పక్క సీట్లో ఉన్నాడు. నడిపింది ఆయన స్నేహితుడు, రేసుల్లో పాల్గొన్న అనుభవం ఉన్నవాడే. గంటకి 72 కిలోమీటర్ల లిమిట్ ఉన్న రోడ్డు మీద 129 నుంచి 150 మధ్య వెళ్తున్నారని పోలీసులు తేల్చారు. టైర్ల వయసు 9 ఏళ్లు. ఇద్దరూ చనిపోయారు.

తర్వాత కేసులు. ఈఎస్‌సీ లేకపోవడం డిజైన్ లోపమని కుటుంబాల వాదన. డ్రైవర్ భార్య వేసిన కేసులో 2016లో ఫెడరల్ జడ్జి పోర్షే వైపే తీర్పిచ్చారు. వాకర్ కూతురు వేసిన కేసు 2017లో సెటిల్ అయింది. ఈఎస్‌సీ ఉంటే బతికేవారా? చెప్పలేం. అంత వేగం, అంత పాత టైర్లు. ఉన్న పట్టునే అది నాలుగు చక్రాలకీ తెలివిగా పంచగలదు, లేని పట్టుని తయారుచేయలేదు. ఈ ముక్క ఆ కారుకే కాదు, వానలో అరిగిన టైర్లతో వెళ్లే హ్యాచ్‌బ్యాక్‌కి కూడా వర్తిస్తుంది.

అప్పటికే అమెరికాలో చట్టం వచ్చేసింది. 2007లో రూల్ ఖాయమైంది, 2012 మోడల్స్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఈఎస్‌సీ తప్పనిసరి. రోడ్డు మీది వాహనాలన్నిటికీ వచ్చేసరికి ఏడాదికి 5,300 నుంచి 9,600 ప్రాణాలు మిగులుతాయని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ లెక్కవేసింది. యూరప్‌లో 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ పెట్టారు. వైపర్ కూడా 2013 మోడల్‌కి తలొంచి ఈఎస్‌సీతో వచ్చింది.

ఆ అమెరికన్ రూల్‌లోనే మన బటన్ సంగతి ఉంది. ఆఫ్ స్విచ్ పెట్టుకోవచ్చు. కానీ ఇంజిన్ ఆపి మళ్లీ ఆన్ చేసిన ప్రతిసారీ సిస్టమ్ ఆన్‌లోనే మొదలవ్వాలి. ఇది రాసినవాళ్లకి మనుషులు బాగా తెలుసనిపిస్తుంది. మా ఫీల్డ్‌లో "టెంపరరీగా ఆపాం" అని కామెంట్ పెట్టిన సేఫ్టీ చెక్ మూడేళ్ల తర్వాత కూడా అలాగే ఆగి ఉంటుంది. ఎవరికీ గుర్తుండదు.

అసలు ఆఫ్ స్విచ్ ఎందుకు ఇచ్చారంటే, దానికి నిజమైన కారణం ఉంది. బురదలోనో ఇసుకలోనో చక్రం కూరుకుపోతే బయటపడటానికి అది కాస్త స్లిప్ అవుతూ తిరగాలి. సిస్టమ్ దాన్ని జారడం అనుకుని పవర్ కట్ చేసేస్తుంది, కారు అక్కడే ఉంటుంది. అప్పుడు ఆఫ్ చేయాలి, బయటికి రాగానే ఆన్ చేయాలి. రెండోది రేస్ ట్రాక్.

ట్రాక్ అనగానే కామెంట్స్‌లో ఒకటి ఖాయం: ఫార్ములా వన్‌లో డ్రైవర్ సాయాలన్నీ నిషేధం కదా? నిజమే. 1994లో నిషేధించారు, 2001లో ట్రాక్షన్ కంట్రోల్‌ని మళ్లీ ఒప్పుకున్నారు, 2008లో మళ్లీ తీసేశారు. అక్కడ ఎదురుగా లారీ రాదు బాబూ.

ఇంకో తమాషా. ఫెరారీ 2004లో ఎఫ్430 స్టీరింగ్ మీద మానెట్టినో అనే చిన్న స్విచ్ పెట్టింది. సాయం ఎంత కావాలో తిప్పి ఎంచుకోవచ్చు, పూర్తిగా తీసేయొచ్చు కూడా. 2013లో 458 స్పెషాలేకి వచ్చేసరికి, కారుని కొంత జారనిచ్చి ఆ కోణాన్ని దాటకుండా పట్టుకునే సాఫ్ట్‌వేర్ రాశారు. అంటే వీడియోల్లో మీరు చూసే కొన్ని డ్రిఫ్టుల వెనక కంప్యూటర్ పనిచేస్తూనే ఉంటుంది. కొన్ని పోర్షేల్లో అయితే బటన్ ఆఫ్ చేసినా, గట్టిగా బ్రేక్ కొట్టగానే సిస్టమ్ మళ్లీ లేచి వస్తుంది.

మన దగ్గర 2023 అక్టోబర్‌లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో 3 స్టార్లు, ఆపైన రావాలంటే ఈఎస్‌సీ ఉండి తీరాలి. కారు కొనబోతున్నవాళ్లు, మీరు బుక్ చేసే వేరియంట్‌లో అది ఉందో లేదో బ్రోచర్‌లో వెతికి చూడండి. సన్‌రూఫ్ గురించి షోరూమ్ వాళ్లే చెప్తారు, దీని గురించి మీరే అడగాలి.