పెన్న లోయలో రాచకాలువ: క్రీ.శ. 1388 నాటి కల్లూడి శాసన పరిశీలన

కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టిన పెన్న ఉత్తరముఖంగా సాగి, గౌరీబిదనూరు మీదుగా హిందూపురం ప్రాంతంలో ఆంధ్రదేశంలో ప్రవేశిస్తుంది. పెనుకొండకు పడమట రొద్దం మీదుగా పోయి, తరువాత తూర్పుకు తిరిగి, మొత్తం 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని చేరుతుంది. గౌరీబిదనూరు నుంచి హిందూపురం వచ్చే బాటసారికి కొండలూ గుట్టలూ ఇరువైపులా కనిపిస్తూ ఉంటాయి. రహదారి, రైలుమార్గం రెండూ ఈ నదీలోయలోనే సాగుతాయి. ఇదే లోయలో విజయనగర కాలంలో నీటికి కూడా ఒక దారి వేశారు. గౌరీబిదనూరు తాలూకా కల్లూడిలోని క్రీ.శ. 1388 నాటి శాసనం అందుకు ఆధారం.

రెండవ హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు అప్పుడు పెనుకొండలో ఉన్నాడు. ప్రాణులకు నీరే ప్రాణమని, ప్రజలు సుఖంగా ఉండాలని తలచి, హెన్నె నదిని పెనుకొండకు తేవలసిందిగా జలసూత్ర నిపుణుడైన సింగాయభట్టును నిండుసభలో ఆజ్ఞాపించాడు. సింగాయభట్టు సిరువెర చెరువుకు కాలువ తీసి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టాడు.

ఇక్కడ రెండు అంశాలు గమనార్హం. మొదటిది నది పేరు. పదాది పకారం కన్నడంలో హకారంగా మారడం భాషాశాస్త్రజ్ఞులకు తెలిసిందే. కనుక శాసనంలోని హెన్నె మన పెన్నయే. రెండవది, ఆజ్ఞకూ ఆచరణకూ మధ్య ఉన్న తేడా. ఆజ్ఞలో గమ్యం పెనుకొండ. పూర్తయిన పనిగా శాసనం చెప్పేది సిరువెర చెరువుకు తీసిన కాలువ. కాబట్టి పెన్ననీరు పెనుకొండ నగరంలోకి వచ్చిందని ఈ ఒక్క శాసనం ఆధారంగా నిర్ధారించడం తొందరపాటే అవుతుంది. శాసనం సంకల్పాన్ని ఒకచోట, ఫలితాన్ని మరొకచోట చెప్పింది. చరిత్రకారుడు ఆ రెంటినీ కలిపివేయరాదు.

క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు సాధనాలలో జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుని పేర్కొంది. పందొమ్మిదేళ్ల తరువాతి కల్లూడి శాసనంలో అటువంటి నిపుణుడు సొంత పేరుతో దర్శనమిస్తాడు. ఒకచోట లక్షణం, మరొకచోట లక్ష్యం దొరకడంతో ఈ రెండు శాసనాలు పరస్పరం పూరకాలవుతున్నాయి.

బుక్కరాయల నాటికి ఈ లోయ అంతా ఒకే ఏలుబడిలో ఉంది. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాల మధ్య కుదిరిన నీటి ఒప్పందంలో పెన్న, చిత్రావతి, పాపఘ్ని నదులు చేరేనాటికి అదే లోయ రెండు పాలనల నడుమ చీలింది. నేడు శాసనం ఒక రాష్ట్రంలో, అందులోని పెనుకొండ మరొక రాష్ట్రంలో ఉన్నాయి. ఆంధ్రప్రాంత శాసన సంపుటాలకే పరిమితమైన పరిశోధకునికి పెనుకొండ జలచరిత్రలోని ఈ ముఖ్యాధారం కనబడదు. నదికి లేని భాషాసరిహద్దును నదీచరిత్రకు గీయడం సమంజసం కాదు. సీమ చెరువుల చరిత్రను తెలుగు, కన్నడ శాసనాలను పక్కపక్కన పెట్టుకొని చదవవలసి ఉంది.